చైనా చరిత్రకు మూల ఆధారాలు ఎక్కడున్నాయి, వాటిని ఎంతవరకు నమ్మొచ్చు?

చైనాతో సరిహద్దు గొడవ వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ వాట్సాప్ గ్రూపుల్లో చరిత్ర పాఠాలు మొదలవుతాయి. వాటిలో బాగా తిరిగే మాట ఒకటుంది. ఒక్క సైనికుణ్ణి కూడా పంపకుండా భారతదేశం ఇరవై శతాబ్దాల పాటు చైనాను సాంస్కృతికంగా ఏలిందని చైనా పండితుడు హూ షీ అన్నాడట. హూ షీ చాలా పెద్ద మనిషి. 1938 నుంచి 1942 వరకు అమెరికాలో చైనా రాయబారిగా పనిచేశాడు, అంతకంటే ముందు మనకు గిడుగు ఎలాగో అలా చైనాలో రాతను వాడుక భాషలోకి మళ్ళించడానికి పోరాడాడు. ఆయన ఆ మాట ఎక్కడ అన్నాడో, ఏ పుస్తకం ఏ పేజీయో చెప్పిన ఫార్వర్డ్ మాత్రం నాకు ఒక్కటీ కనబడలేదు.

ఇదే విషయం మీద హూ షీ చేసిన ప్రసంగం ఒకటి దొరుకుతుంది. 1936లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం మూడు వందల ఏళ్ళ ఉత్సవాల్లో ఇచ్చాడు, మరుసటి ఏడు అచ్చయింది. భారతదేశం నుంచి చైనా చాలా తీసుకుందని ఆయన అందులో ఒప్పుకుంటాడు, కానీ దానికి సంతోషించడు. ఆ ప్రభావం వల్ల తమకు నష్టం జరిగిందని, ఆధునిక విజ్ఞానం సాయంతో రెండు వేల ఏళ్ళ ఆ పెత్తనం నుంచి త్వరలో బయటపడతామని ముగిస్తాడు. మనం పొగడ్తగా పంచుకుంటున్నది ఆయన దృష్టిలో ఒక ఫిర్యాదు. మూలం దాకా వెళ్ళి చూస్తే తప్ప ఈ తేడా తెలియదు. ఆ వెళ్ళడం చైనా విషయంలో ఎలా అన్నదే ఈ వ్యాసం.

## పాతదైతే చాలా?

ప్రైమరీ సోర్స్, అంటే మూల ఆధారం, మనం అడుగుతున్న కాలంలోనే పుట్టినది, లేదా ఆ సంఘటనను చూసినవాళ్ళు చెప్పినది. ఉత్తరం, శాసనం, పన్ను లెక్క, కోర్టు తీర్పు, డైరీ, నాణెం, ఇవన్నీ. వాటిని చదివి తర్వాతివాళ్ళు రాసింది సెకండరీ. ఇంతవరకు తేలికే. చిక్కంతా ఒకే పుస్తకం ఒక ప్రశ్నకు మూల ఆధారం, ఇంకో ప్రశ్నకు సెకండరీ కావడంలో ఉంది.

సిమా చియెన్‌నే తీసుకోండి. హాన్ వంశపు చక్రవర్తి వూ కొలువులో ఉంటూ క్రీ.పూ. 91 ప్రాంతంలో 130 అధ్యాయాల చరిత్ర ముగించాడు. దాని పేరు షీజీ. తన చక్రవర్తి గురించి, తన కాలపు యుద్ధాల గురించి, వ్యాపారుల గురించి ఆయన రాసింది మూల ఆధారమే. కానీ అదే పుస్తకంలో షాంగ్ రాజుల వంశావళి కూడా ఉంది, ఆ వంశం ఆయనకు దాదాపు వెయ్యేళ్ళ ముందే పోయింది. ఆ భాగం వరకు ఆయన కూడా మనలాగే పాత కాగితాలు చూసి రాసుకున్నవాడే. (అప్పటికి కాగితం కాదు, వెదురు బద్దలు.) అందుకే 20వ శతాబ్దం మొదట్లో చాలామంది అసలు షాంగ్ వంశం ఉందా అని అనుమానించారు.

ఆ అనుమానం తీర్చింది ఎముకలు. 1899లో పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) వాంగ్ యీరోంగ్ అనే పండితుడు, మందుల కోసం ‘డ్రాగన్ ఎముకలు’ అని అమ్ముతున్న వాటి మీద పురాతన రాత ఉందని గుర్తించాడు. (ఆయన జ్వరమొచ్చి మందు తెప్పించుకుంటే అందులో కనబడిందన్న కథ బాగుంటుంది కానీ, అది తర్వాత అల్లిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.) ఆ ఎముకలు అన్‌యాంగ్ దగ్గరివని తేలింది, 1928 నుంచి అక్కడ పద్ధతిగా తవ్వకాలు జరిగాయి. షాంగ్ రాజులు వర్షం పడుతుందా, పంట పండుతుందా, రాణికి కొడుకు పుడతాడా అని ఎద్దు ఎముకల మీద, తాబేటి చిప్పల మీద ప్రశ్నలు చెక్కించి, వేడి తగిలించి, పడిన పగుళ్ళను చూసి జవాబు చదివేవాళ్ళు. 1917లో వాంగ్ గువోవెయ్ ఈ ఎముకల మీది రాజుల పేర్లను సిమా చియెన్ ఇచ్చిన జాబితాతో పోల్చి చూశాడు. చాలావరకు సరిపోయింది, కొన్నిచోట్ల వరస మాత్రం తారుమారైంది. వెయ్యేళ్ళ తర్వాత రాసినవాడు ఇంత సరిగ్గా ఎలా రాశాడంటే, మనకు దక్కని పాత జాబితాలేవో ఆయన చేతిలో ఉండి ఉండాలి. అంటే సెకండరీ అనగానే పక్కన పారేయాల్సిన పని లేదు.

షాంగ్‌కు ముందరిదని చెప్పే షియా వంశం దగ్గర ఈ పద్ధతి ఆగిపోతుంది. ఎర్లిటౌలో 1959 నుంచి తవ్వుతున్నారు, పెద్ద నగరం, రాజభవనాల పునాదులు, కంచు పాత్రలు దొరికాయి, కానీ ‘మేము షియా’ అని చెప్పే రాత దొరకలేదు. కాలమూ చోటూ సరిపోతున్నాయి కాబట్టి ఇదే షియా అని చైనాలో ఎక్కువమంది పండితులు అంటారు. రాత లేనప్పుడు పేరు పెట్టకూడదని బయటివాళ్ళలో చాలామంది, చైనాలోనే కొందరూ అంటారు. నాకు రెండో వాదన వైపే మొగ్గు ఉంది, అయితే అన్‌యాంగ్ ఎముకలు దొరక్కముందు షాంగ్ గురించి కూడా ఇలాగే అన్నారని మొదటి వర్గం గుర్తుచేసినప్పుడు దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

## ఒక ఉదాహరణ: హుయాన్‌త్సాంగ్ ఆంధ్ర గురించి ఏం రాశాడు?

మనకు బడిలో చెప్పిన విషయమే కాబట్టి దీన్ని మూలం దాకా పట్టుకెళ్దాం. హుయాన్‌త్సాంగ్ 629లో బయల్దేరి 645లో తిరిగి వెళ్ళాడు, మధ్యలో ఆంధ్ర దేశం వచ్చాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆయన మాటలు మాత్రం చదివినవాళ్ళు తక్కువ.

మొదటి అడ్డంకి పేరు. ఆయన యాత్రా గ్రంథానికి సామ్యూల్ బీల్ 1884లో చేసిన ఇంగ్లిష్ అనువాదం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉంది, కానీ అందులో పేరు హియుయెన్ త్సియాంగ్. థామస్ వాటర్స్ దగ్గరికొస్తే యువాన్ చ్వాంగ్. ఇప్పటి పుస్తకాల్లో షువాన్‌జాంగ్. ఒక్క స్పెల్లింగుతో వెతికితే సగం దొరకదు. చైనా చరిత్రలో దాదాపు ప్రతి పేరుకూ ఈ గోల ఉంది, ఎందుకంటే 20వ శతాబ్దంలో చాలాకాలం వాడిన వేడ్–జైల్స్ పద్ధతి వేరు, ఇప్పుడు వాడే పిన్‌యిన్ వేరు.

గ్రంథం పదో భాగంలో ఆంధ్ర వస్తుంది. దేశం చుట్టుకొలత 3,000 లీలకు (లీ అంటే చైనావాళ్ళ దూరం కొలత) పైన, రాజధాని చుట్టుకొలత 20 లీలకు పైన. ఆ రాజధాని పేరు చైనా ఉచ్చారణలో పింగ్‌చీలో, దాన్ని ఏలూరు దగ్గరి వేంగిగా చాలామంది గుర్తించారు. నేల సారవంతం, పంటలు సమృద్ధి, ఎండ ఎక్కువ, జనం స్వభావం దూకుడు. మాట తీరు మధ్య భారతానికి వేరు, రాత పద్ధతి మాత్రం చాలావరకు అదే. సంఘారామాలు (బౌద్ధ విహారాలు) ఇరవైకి పైగా, భిక్షువులు మూడు వేలకు పైగా, దేవాలయాలు ముప్ఫైకి పైగా. రాజధానికి నైరుతిలో ఒంటిగా ఉన్న కొండ మీద బౌద్ధ పండితుడు దిఙ్నాగుడు తర్కశాస్త్ర గ్రంథం రాశాడని కూడా చెబుతాడు. అక్కడి నుంచి ధాన్యకటక దేశం వెళ్ళి, సంఘారామాలు వరసగా ఉన్నాయి కానీ చాలావరకు పాడుబడ్డాయని, ఇరవై చిల్లర మిగిలాయని రాశాడు. అమరావతి వైభవం గురించి చదివి పెరిగిన మనకు ఆ ఒక్క వాక్యం గుండెలో గుచ్చుకుంటుంది.

మరి ఇది మూల ఆధారమేనా? ఏడో శతాబ్దపు ఆంధ్రకు అవును, చూసి వెళ్ళిన మనిషిది. కానీ కలం పూర్తిగా ఆయనది కాదు. తిరిగి వెళ్ళాక చక్రవర్తి తైజోంగ్ అడిగితే 646లో పూర్తి చేసిన గ్రంథం ఇది, హుయాన్‌త్సాంగ్ చెబుతుంటే, ఇస్తుంటే, బియాన్‌జీ అనే శిష్యుడు కూర్చాడు. తైజోంగ్‌కు బౌద్ధం కంటే పడమటి దేశాల దారులు, బలాబలాలు ముఖ్యం. అందుకే ప్రతి దేశానికీ ఒకే మూసలో చుట్టుకొలత, రాజధాని, నేల, వాతావరణం, జనం స్వభావం వస్తాయి. ‘దూకుడు జనం’ అన్న మాటను ఆ మూస లోపల పెట్టి చదవాలి. దిఙ్నాగుడి సంగతి ఇంకో రకం. అది ఆయన చూసింది కాదు, అక్కడివాళ్ళు చెప్పగా విన్నది. అంటే దిఙ్నాగుడి జీవితానికి ఇది సెకండరీ, ఏడో శతాబ్దంలో వేంగిలో దిఙ్నాగుడి గురించి ఏం చెప్పుకునేవాళ్ళో దానికి ప్రైమరీ.

ఇక ఏం లేదో కూడా చూడాలి. వేంగి భాగంలో రాజు పేరు లేదు. దానికి తూర్పు చాళుక్యుల రాగిరేకుల దగ్గరికి రావాల్సిందే. జనం మాటకు పేరు పెట్టలేదు, దానికి రేనాటి చోళుల తెలుగు శాసనాలు ఉన్నాయి. ధాన్యకటక రాజధానికి తూర్పు కొండ మీద ఒక విహారం, పడమటి కొండ మీద ఒకటి అన్నాడు కాబట్టి అది బెజవాడేనని పాత కట్టడాల పరిశోధకుడు ఫెర్గూసన్ వాదించాడు, కాదు అమరావతి–ధరణికోటే అని మిగతావాళ్ళు. చైనా గ్రంథం ఒక్కటే పట్టుకుంటే ఇది తేలదు, మట్టిలో దొరికిందీ చూడాలి. మూల పాఠం కావాలంటే చైనీస్ బౌద్ధ గ్రంథాల సంకలనమైన తైషో త్రిపిటకంలో 2087 నంబరు, సీబేటా సైట్‌లో ఉచితం. చైనీస్ రాకపోయినా బీల్ అనువాదాన్ని 1996లో వచ్చిన లీ రోంగ్‌షీ అనువాదంతో పక్కపక్కన పెట్టుకుంటే ఎక్కడ అనుమానం ఉందో తెలిసిపోతుంది.

## కొలువులో రాసిన చరిత్ర

చైనాలో రాజ్యమే చరిత్ర రాయించేది. చక్రవర్తి రోజువారీ మాటలు, పనులు కొలువులో రాసుకునేవాళ్ళు. ఆయన పోయాక వాటినుంచి ‘షీలూ’ అనే పాలనా వృత్తాంతం తయారయ్యేది. వంశమే పోయాక తర్వాతి వంశం ఆ మొత్తాన్ని చరిత్రగా కూర్చేది. అలా వచ్చినవే ఇరవై నాలుగు చరిత్రలు. పై మెట్టుకు వెళ్తున్నకొద్దీ చదవడం తేలిక, సంఘటనకు దూరం.

సోంగ్ వంశం 1279లో ముగిసింది, దాని అధికారిక చరిత్ర 1345లో మంగోలుల కింద పూర్తయింది. అందులో చోళుల రాయబారాలు ఉన్నాయి, 1077లో 72 మంది వచ్చారని, వాళ్ళకు 81,800 నాణేల దండలు ఇచ్చారని కూడా. అప్పటికి చోళ సింహాసనం మీదున్నది వేంగి నుంచి వెళ్ళిన కులోత్తుంగుడే. చైనా రికార్డు దీన్ని దూరదేశపు రాజు కప్పం పంపినట్టు రాస్తుంది. అంత డబ్బు తిరిగి ముట్టజెప్పారంటే ఇది వ్యాపారమేనని చాలామంది చరిత్రకారుల లెక్క. తారీఖు, మనుషుల సంఖ్య నమ్మొచ్చు, సంబంధానికి పెట్టిన పేరు మాత్రం కొలువు పెట్టుకున్నది.

మింగ్ వంశంలో ఇంకా సూటైన ఉదాహరణ ఉంది. యోంగ్లె చక్రవర్తి 1402లో అన్నకొడుకును దించేసి గద్దె ఎక్కాడు. తర్వాత తన తండ్రి కాలపు షీలూను ఒకసారి కాదు రెండుసార్లు తిరగరాయించాడు. మనకు మిగిలింది ఆఖరిది. తన హక్కు గురించి అందులో ఏముందో చూస్తే అది 1390ల సంగతి కంటే యోంగ్లె భయాల గురించి ఎక్కువ చెబుతుంది. మింగ్ షీలూలో ఆగ్నేయాసియా గురించిన భాగాలన్నీ జెఫ్ వేడ్ ఇంగ్లిష్‌లోకి తెచ్చారు, సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ ద్వారా ఆన్‌లైన్‌లో పెట్టారు. చైనీస్ రానివాళ్ళకు షీలూ రుచి తెలియాలంటే అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

అదే యోంగ్లె పంపిన నౌకాదళపతి జెంగ్ హె ఓడల గురించి కొలువు కాగితాలు చాలావరకు పోయాయి, ఓడల్లో వెళ్ళిన దుబాసీ మా హువాన్ రాసుకున్నదీ, కొన్ని రాళ్ళూ మిగిలాయి. శ్రీలంకలోని గాలెలో 1911లో దొరికిన శాసనం చూడాల్సిన వస్తువు. 1409 తేదీతో ఒకే రాయి మీద చైనీస్, తమిళం, పర్షియన్. చైనీస్‌లో కానుకలు బుద్ధుడికి, తమిళంలో తేనవరై నాయనారుకు, పర్షియన్‌లో అల్లాకు. ఏ ఒక్క భాష చదివినా జెంగ్ హె ఒక్క మతానికే మొక్కాడని రాసేసేవాళ్ళం.

## తుక్కుకు అమ్మిన పత్రాలు

కొలువు చరిత్రకు వెనక, తిరగరాయని అసలు కాగితాలు ఉంటాయి. చైనా ఆఖరి రాజవంశమైన చింగ్ మంత్రాలయంలో ఉండే మింగ్, చింగ్ కాలపు పత్రాలు వంశం కూలాక పెకింగ్‌లోని ఒక మ్యూజియం చేతికొచ్చాయి. 1921లో డబ్బుకు ఇబ్బంది పడి ఆ మ్యూజియం దాదాపు 8,000 గోనె సంచుల పత్రాలను కాగితపు వ్యాపారికి అమ్మేసింది, నానబెట్టి మళ్ళీ కాగితం చేయడానికి. లువో జెన్‌యూ అనే పండితుడికి ఈ సంగతి తెలిసి ఎక్కువ డబ్బిచ్చి చాలావరకు తిరిగి కొన్నాడు. ఆ తర్వాత చేతులు మారి 1929లో అకడెమియా సినికా అనే పరిశోధనా సంస్థకు చేరాయి. ఇప్పుడు తైవాన్ రాజధాని తైపేలో సుమారు 3,10,000 పత్రాలుగా ఉన్నాయి. మిగతా రాజపత్రాలు బీజింగ్‌లోని మొదటి చారిత్రక ఆర్కైవ్స్‌లో, కోటికి పైగా. అంటే ఒకే ప్రభుత్వపు ఫైళ్ళు ఇప్పుడు సముద్రానికి రెండు పక్కలా ఉన్నాయి, ఒకవైపే చూస్తే సగం కథే.

ఆ కోటిలో దాదాపు 20 లక్షలు మంచూ భాషలోవి. చింగ్ పాలకులు ఈశాన్యం నుంచి వచ్చిన మంచూలు. చాలాకాలం వాళ్ళు పూర్తిగా చైనీయులైపోయారని, మంచూ కాగితాలు చైనీస్ వాటికి నకళ్ళేనని అనుకున్నారు. 1990ల నుంచి అమెరికాలో ఎవెలిన్ రాస్కీ, మార్క్ ఎలియట్ లాంటివాళ్ళు, కాదు, మంచూలు తమ వేరుతనం నిలబెట్టుకునే ఏలారు, టిబెట్, షింజియాంగ్, మంగోలియా వైపు మొహం తిప్పి చూస్తే అది చైనా రాజ్యం మాత్రమే కాదు అన్నారు. చరిత్రకారుడు హో పింగ్‌తీ దీనికి గట్టిగా జవాబిచ్చాడు. చైనీస్ పద్ధతులు పుణికిపుచ్చుకోకపోతే అంత చిన్న సమూహం అంత పెద్ద దేశాన్ని అన్నాళ్ళు ఏలగలిగేదా అని. ఇప్పటి చైనా సరిహద్దులకు ఈ వాదనతో సంబంధం ఉంది కాబట్టి అది రాజకీయంగా కూడా వేడెక్కింది. నా మట్టుకు, రెండు పక్షాల్లో ఎవరైనా సరే ఏ భాష కాగితాలు చదివి మాట్లాడుతున్నారో ముందు చూస్తాను.

## సైనికుడి ఉత్తరం

కొలువులో ఎవరూ దాచని గొంతులు నేల కింద దొరికాయి. క్రీ.పూ. 223లో చిన్ రాజ్యం చూ రాజ్యాన్ని జయించింది. సేనాని వాంగ్ జియెన్ ఆరు లక్షల సైన్యం అడిగి తీసుకున్నాడని షీజీ చెబుతుంది. ఆ యుద్ధంలో ఉన్న ఇద్దరు అన్నదమ్ములు, హెయ్‌ఫూ, జింగ్, ఇంటికి రాసిన ఉత్తరాలు హూబేలోని షుయ్‌హూదీ దగ్గర 4వ నంబరు సమాధిలో చెక్క పలకల మీద దొరికాయి. హెయ్‌ఫూ అమ్మను డబ్బు, వేసవి బట్టలు పంపమంటాడు. ఊళ్ళో గుడ్డ చవగ్గా ఉంటే కుట్టి పంపమని, ఖరీదైతే డబ్బే పంపమని, తానే ఇక్కడ కుట్టించుకుంటానని. జింగ్‌కైతే అప్పు మీద పడింది. ఐదారు వందల నాణేలు కావాలి, పంపకపోతే చచ్చిపోతాను, తొందర, తొందర, తొందర అని మూడుసార్లు రాస్తాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏమయ్యారో ఎక్కడా లేదు.

ఆరు లక్షలు అన్న అంకెను ఈ రెండు పలకలు నిరూపించవు, కొట్టేయవు కూడా. కానీ సైనికులు తమ బట్టలు తామే చూసుకోవాల్సి వచ్చేదని, యుద్ధభూమి నుంచి ఇంటికి ఉత్తరం చేరేదని, గుడ్డ ధర చూసి బేరం ఆలోచించే తల్లి ఊళ్ళో ఉందని షీజీ చెప్పదు. అక్కడికి దగ్గర్లోనే 11వ సమాధిలో చిన్ చట్టాలు రాసిన వెయ్యికి పైగా వెదురు బద్దలు దొరికాయి, చిన్ పాలన గురించి అప్పటిదాకా శత్రువులు చెప్పిందే విన్నాం.

ఇలా తవ్వినవాటితో పాటు దొంగతనంగా తవ్వి అమ్మినవీ ఉన్నాయి. 2008లో బీజింగ్ త్సింగ్వా విశ్వవిద్యాలయానికి ఒక పూర్వ విద్యార్థి కొని ఇచ్చిన సుమారు 2,500 బద్దలు అలాంటివే. అంతకుముందు ఎవరూ చూడని గ్రంథాలు వాటిలో ఉన్నాయి. ఏ సమాధి నుంచి వచ్చాయో తెలియదు, వాడితే దొంగల బజారును పెంచినట్టేనని కొందరు పరిశోధకులు వాటిని ముట్టుకోరు. పోగొట్టుకుంటే మళ్ళీ రావు, ప్రయోగశాల పరీక్షలు చేసి వాడాలని ఇంకొందరు. రెండు వైపులా నిజం ఉంది. వాడినవాళ్ళు కనీసం ఎక్కడి నుంచి వచ్చిందో పాఠకుడికి చెప్పి తీరాలి.

వాయవ్య చైనాలోని దున్‌హువాంగ్ గుహలో దొరికిన పాత ప్రతుల కథ చాలామందికి తెలిసిందే. 1900లో బయటపడిన గుహలోంచి 1907లో ఆరెల్ స్టెయిన్, 1908లో పాల్ పెలియో పట్టుకెళ్ళిన వేల ప్రతులు లండన్, పారిస్‌లో ఉన్నాయి. స్టెయిన్ తెచ్చిన వాటిలో ఒక భాగం ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉంది, ఢిల్లీ వెళ్ళినప్పుడు మనవాళ్ళు చూడొచ్చు. ప్రతుల బొమ్మలు ఇంటర్నేషనల్ దున్‌హువాంగ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

## చైనీస్ రాకుండా ఎంత దూరం వెళ్ళొచ్చు?

అనుకున్నదానికంటే దూరమే. చైనీస్ టెక్స్ట్ ప్రాజెక్ట్ సైట్‌లో ప్రాచీన గ్రంథాల మూలాలు, కొన్నిటికి పక్కనే ఇంగ్లిష్ అనువాదం ఉంటాయి. హార్వర్డ్, అకడెమియా సినికా, పెకింగ్ యూనివర్సిటీ కలిసి నడిపే జీవితచరిత్రల డేటాబేస్‌లో ఐదు లక్షల మందికి పైగా ఉన్నారు, ఎవరు ఎవరి బంధువు, ఎక్కడ ఉద్యోగం చేశాడు అన్నదాకా. ఊళ్ళ సంగతులకు ‘ఫాంగ్‌జీ’లు, అంటే జిల్లా వృత్తాంతాలు, వేల సంఖ్యలో మిగిలాయి. మెకంజీ కైఫీయతులు చదివినవాళ్ళకు ఆ తీరు కొత్తగా అనిపించదు, కాకపోతే వీటిని స్థానిక అధికారులే కూర్చారు, జిల్లా పెద్దింటివాళ్ళ గొప్పలు దండిగా ఉంటాయి.

ఏఐ అనువాదం మీద ఒక మాట. పాత చైనీస్‌లో విరామ చిహ్నాలు ఉండవు, ఎక్కడ వాక్యం ఆపామన్న దాన్ని బట్టి అర్థం మారిపోతుంది. యంత్రం ఏదో ఒకచోట ఆపేసి నున్నటి వాక్యం ఇస్తుంది. విషయం ఏ దిక్కున ఉందో వెతుక్కోవడానికి వాడుకోవచ్చు, దాన్నే ఉటంకించడం మాత్రం ప్రమాదం. పాఠం ఏ ప్రతినుంచి తీసుకున్నారో కూడా చూడాలి. చియెన్‌లోంగ్ చక్రవర్తి 1770లు, 80లలో చేయించిన పెద్ద గ్రంథ సంకలనంలో 3,400కు పైగా గ్రంథాలు చేరాయి, అదే ఊపులో మంచూలకు నచ్చని పుస్తకాలు తగలబెట్టారు, చేర్చిన వాటిలోనూ నచ్చని మాటలు మార్చారు. ఆన్‌లైన్‌లో దొరికే పాఠాల్లో చాలా వాటికి మూలం ఆ సంకలనమే.

## 1962 దగ్గరికొస్తే

దగ్గరి చరిత్రలో సమస్య తిరగబడుతుంది. కాగితాలు పోలేదు, తాళం వేసి ఉన్నాయి. చైనా ఆర్కైవ్స్ చట్టాన్ని సవరించి 2021 నుంచి, కాగితాలు జనానికి తెరవడానికి ఉన్న 30 ఏళ్ళ గడువును 25కి తగ్గించారు, కానీ సున్నితమైనవి అనుకున్నవాటిని ఆపుకునే అధికారం అలాగే ఉంది. బీజింగ్‌లో విదేశాంగ శాఖ ఆర్కైవ్ 2004లో తలుపులు తెరిచి, విడతలవారీగా 1965 దాకా కాగితాలు చూపించింది. 2012–13 ప్రాంతంలో వాటిలో ఎక్కువ భాగం మళ్ళీ మూసేశారు. ఆ మధ్యకాలంలో పరిశోధకులు తీసుకున్న ప్రతుల్లో కొన్ని ఇంగ్లిష్ అనువాదంతో అమెరికాలోని విల్సన్ సెంటర్ డిజిటల్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, భారత్ గురించినవి కూడా. మన వైపు కూడా తలుపులు బార్లా ఏమీ లేవు. 1962 యుద్ధం తర్వాత సైన్యం చేయించిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ విడుదల చేయలేదు, 2014లో నెవిల్ మాక్స్‌వెల్ అనే విలేఖరి దానిలో కొంత ఇంటర్నెట్‌లో పెట్టాడు. అది పూర్తి పాఠం కాదు.

అయినా అందుబాటులో ఉన్నది తక్కువేమీ కాదు. రెండు ప్రభుత్వాల మధ్య నడిచిన ఉత్తరాలను నెహ్రూ ప్రభుత్వం 1959 నుంచి శ్వేతపత్రాలుగా అచ్చు వేసింది. 1960లో రెండు దేశాల అధికారులు బీజింగ్, ఢిల్లీ, రంగూన్‌లలో కూర్చుని సరిహద్దు మీద తమ తమ పటాలు, పన్ను లెక్కలు, ఒప్పందాలు ఒకరి ముందు ఒకరు పరిచారు. ఆ నివేదిక 1961 ఫిబ్రవరిలో భారత్ అచ్చు వేసింది. ఒకే మాట మీదికి రాలేకపోయారు కాబట్టి భారత అధికారులది ఒక భాగం, చైనా అధికారులది ఒక భాగం, ఒకే సంపుటిలో. అక్సాయ్ చిన్ గురించి ఏ వీడియో చూసినా, అందులో చెప్పిన ఆధారం ఈ రెండు భాగాల్లో దేనిలో ఉంది, దానికి రెండో పక్షం అక్కడే ఇచ్చిన జవాబు ఏమిటి అని ఇప్పటికీ వెతికి చూసుకోవచ్చు.